భూర్జరసము: మంచు కరగిన నేలల తొలి పానీయము

భూర్జవృక్షమును తెలుగు పాఠకుడు రెండు మార్గముల నెరుగును. మొదటిది సంస్కృత సాహిత్యము. కాళిదాసు కుమారసంభవ ప్రథమసర్గమున హిమవంతుని వర్ణించుచు, విద్యాధరసుందరులు ధాతురసముతో ప్రణయలేఖలు వ్రాసికొనుటకు అచటి భూర్జత్వక్కులు ఉపకరించుచున్నవని చెప్పెను. విక్రమోర్వశీయమున ఊర్వశి తన మనసును పురూరవునకు తెలుపుకొన్నది భూర్జపత్రము మీదనే. రెండవది రష్యన్ సాహిత్యము. మాస్కో నగరమునుండి ప్రగతి ప్రచురణాలయము వెలువరించిన తెలుగు పుస్తకములలో, వృక్షశాస్త్రవేత్తయు ‘అతడు–ఆమె’ నవలాకర్తయునైన ఉప్పల లక్ష్మణరావుగారు మొదలగువారి అనువాదముల కాలమున, తెల్లని బెరడు గల ఈ చెట్లు మంచుపల్లెల చుట్టును బారులు తీరి మనకు కన్నులగట్టినవి. అయితే ఈ రెండు మార్గములును మనకు చూపినది చెట్టు వెలుపలి సొగసునే. ఆ తెల్లని బెరడు వెనుక, ఏటికొక్కమారు, మంచు కరగువేళ, కొలది వారములపాటు మాత్రమే ప్రవహించు ఒక తియ్యని నీరు కలదు. దానిని కడవలకు పట్టి, పులియబెట్టి, పాకము కాచి, తరతరములుగా ఇంటిల్లిపాదియు ఆస్వాదించిన జనులు కలరు. వారి చరిత్ర తెలిసికొనదగినది.

హిమాలయములందలి మన భూర్జమును, బాల్టిక్ తీరము మొదలు సైబీరియా దాక అరణ్యములై పరచుకొన్న ఆ భూర్జములును ఒక్క ప్రజాతివే. జాతులు మాత్రము వేరు. ఐరోపా ఖండమున రసమునకై ప్రధానముగా ఆశ్రయించునవి వెండి భూర్జము, నూగు భూర్జము అను రెండు జాతులు. ఆ ప్రాంతపు కర్షక కుటుంబమునకు ఈ చెట్టు సమస్తమును సమకూర్చినది: పొయ్యిలోనికి కట్టె, ఆవిరిస్నానమునకు ఆకులమండ, బండి ఇరుసునకు తారు, పానీయములను చల్లగా నిలుపు బెరడుపాత్ర, వ్రాతకు పత్రము. 1951 జూలై 26న నొవ్‌గొరద్ నగరపు త్రవ్వకములలో తొలి భూర్జలేఖ బయటపడెను. నాటినుండి అట్టివి వేయికి మించి దొరకినవి. అప్పులు, కొనుగోళ్లు, కుటుంబవ్యవహారములు, ఒక బాలుని అక్షరాభ్యాసము, మధ్యయుగపు సామాన్యుల బ్రదుకంతయు ఆ బెరడు మీద నిలిచినది. రసమునకు అట్టి శాశ్వతత్వము లేదు. పట్టిన కొన్ని దినములలోనే చెడిపోవు వస్తువది. కనుకనే దాని వృత్తాంతమును యాత్రికుల కథనములలోను, పాతకాలపు వ్యవసాయ గ్రంథములలోను, ఇల్లాండ్ర వంటశాలలలోను వెదకవలసియున్నది.

బాగ్దాదు రాయబారి చూచిన చెట్టు

క్రీ.శ. 921లో ఖలీఫా అల్ ముక్తదిర్ పంపిన రాయబారబృందముతో బాగ్దాదు నుండి బయలుదేరిన ఇబ్న్ ఫద్లాన్, మరుసటి సంవత్సరము వోల్గా నదీతీరమందలి బల్గారుల రాజ్యమును చేరెను. అచట తాను చూచిన వింతలలో పేరు తెలియని యొక ఉన్నతవృక్షమును ఆయన వర్ణించెను. దాని మ్రాను ఆకులు లేక నున్నగా ఉండెననియు, తల మాత్రము ఖర్జూరపు తలను పోలియుండెననియు, ఆ దేశీయులు మ్రానునందు తెలిసిన తావున రంధ్రము చేసి క్రింద పాత్రనుంచగా తేనెకంటె తీయని ద్రవము కారుననియు, మితిమీరి త్రాగినవానికి మద్యమువలె మత్తెక్కుననియు ఆయన వ్రాసెను. అది భూర్జమే యని పండితులు పలువురు తలచిరి. అప్పుడే పట్టిన రసమున మత్తు లేదు, తేనెకు సాటివచ్చు తీపియు లేదు. కావున ఆయనకు లభించినది పులిసిన రసమై యుండవచ్చును.

ఆంగ్లదేశమున ఈ రసము శాస్త్రజ్ఞుల దృష్టి నాకర్షించినది పదునేడవ శతాబ్దియందు. 1664లో తొలిసారి ముద్రితమై పిదప పలు కూర్పులు పొందిన జాన్ ఈవ్లిన్ ‘సిల్వా’ గ్రంథమున భూర్జరసముతో మద్యము చేయు విధానము గలదు: రసమునకు తేనె కలిపి, లవంగములు, నిమ్మతొక్క వేసి, తెట్టు తీయుచు దాదాపు గంటసేపు కాచి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియనిచ్చుట. 1669లో జాన్ రే, ఫ్రాన్సిస్ విలుబీ అను మిత్రులిద్దరు చెట్లలో రసము ఏ త్రోవను సంచరించునో తెలిసికొనగోరి చేసిన ప్రయోగములు రాయల్ సొసైటీ పత్రికలో వెలువడినవి. 1727లో స్టీఫెన్ హేల్స్ ద్రాక్షతీగ కోతనుండి ఉబుకు రసపు బలమును పాదరస నాళముతో కొలిచి, వేళ్లకు నీటిని పైకి త్రోయు శక్తి గలదని లోకమునకు చూపెను. మంచు కరగిన వెంటనే భూర్జకాండమున రసము పొంగుటకును ఆ శక్తియే కారణము.

రసము పొంగు విధము

శరత్కాలమున ఆకు రాల్చుటకు ముందే భూర్జము తన సంపాదనను పిండిపదార్థముగా మార్చి కాండమునందును వేళ్లయందును దాచుకొనును. మార్చి, ఏప్రిల్ మాసములలో నేల కరగగానే వేళ్లు నీటిని పీల్చుట కారంభించును. దాచిన పిండి చక్కెరయై ఆ నీట కలియును. ఆవిరిగా వెడలించుటకు ఆకులు ఇంకను పుట్టలేదు గనుక, ఆ నీరు వేళ్ల ఒత్తిడికి లోనై కాండమంతయు నిండును. అట్టివేళ బెరడు దాటి చిన్న గాయము తగిలినను ధార కట్టును. విరిగిన కొమ్మ చివరనుండి కారు రసము రాత్రి చలికి గడ్డకట్టి వ్రేలాడగా, ఉదయమున పిల్లలు ఆ మంచుకడ్డీని విరిచి చప్పరింతురు. రెండు మూడు వారములు గడచి మొగ్గలు విచ్చినంతనే రసము కలకబారి చేదెక్కును. ఆ యేటి పంట అంతటితో సరి.

అయితే ఈ రసము తీపి ఎంతటిది? మన తాటి నీరాలో చక్కెర నూటికి పదిపాళ్లకు తగ్గదు. అందుచేతనే కుండెడు నీరా కాచినచో చేతికి బెల్లము దక్కును. భూర్జరసమున చక్కెర నూటికి సుమారు ఒక్కపాలు. కెనడా దేశపు మేపుల్ చెట్టు రసము 40 లీటర్లు కాచినచో ఒక లీటరు పాకము వచ్చును; భూర్జరసమైనచో సుమారు 100 లీటర్లు కాచవలయును. పైగా మేపుల్ రసమున ప్రధానమైనది మన చెరకు చక్కెరయే కాగా, భూర్జరసమున గ్లూకోజు, ఫ్రక్టోజు అనునవి ముఖ్యములు. వీనిలో ఫ్రక్టోజు వేడికి త్వరగా మాడును. చూచుటకు నీరువలె స్వచ్ఛము, నాలుకకు తీపిజాడ, అందు పొటాసియము, కాల్షియము, మాంగనీసు వంటి లవణములు, ఒకింత మాలిక్ ఆమ్లము. ఇంతియే.

ఇంత పలుచని రసమునకై ఇన్ని దేశముల జనులు ఇంత శ్రమ ఏల పడిరి? సమాధానము వారి సంవత్సరచక్రమునందు గలదు. ఆ శీతలభూములలో వసంతారంభము క్షామకాలము. శరత్తున గాదెలకెత్తిన ధాన్యము అడుగంటును. నేలమాళిగలోని దుంపలు, ఊరబెట్టిన క్యాబేజీ ముగింపునకు వచ్చును. తోటలో పచ్చని ఆకు ఒక్కటియు మొలవదు. సనాతన క్రైస్తవ సంప్రదాయము పాటించు కుటుంబములకు ఈస్టరు పండుగకు మునుపటి ఉపవాసదీక్ష కూడ ఆ దినములలోనే; మాంసము, పాలు వర్జ్యములు. అట్టి వేళ ప్రకృతి ఇచ్చు తొలి తాజా పదార్థము ఈ రసము. కొనుటకు సొమ్ము అక్కరలేదు, పండించుటకు పొలము అక్కరలేదు. దాని విలువ ఆ సమయమునందు గలదే కాని తీపియందు లేదు.

పట్టుట, దాచుట, వండుట

పూర్వము గొడ్డలితో మ్రానును నరికి, కొయ్యదోనె నమర్చి రసము పట్టుచుండిరి. ఆ లోతు గాయము చెట్టునకు హాని గావించును గనుక, తెలిసినవారు బరమాను ఆశ్రయించిరి. జానెడు మందమునకు తక్కువకాని చెట్టును ఎంచి, నేలకు కొంత ఎత్తున, వ్రేలి లావుకు మించని రంధ్రమును రెండు మూడు సెంటీమీటర్ల లోతున, లోపలివైపు స్వల్పముగా ఎత్తుండునట్లు తొలిచి, అందు గొట్టము దూర్చి క్రింద పాత్ర కట్టుదురు. మంచి చెట్టు దినమునకు కొన్ని లీటర్ల రసమిచ్చును. కొంత తాజాగా త్రాగగా మిగిలినదానిని వేసవివరకు నిలుపుటయందే ఇల్లాండ్ర నేర్పు గలదు.

బెలారుసు, ఉక్రెయిను పల్లెలలో ఓకు పీపాలలో రసము పోసి, వేయించిన బార్లీగింజలు, మాడ్చిన రై రొట్టె ముక్కలు, ఎండబెట్టిన ఆపిలు, పియరు పండ్ల ముక్కలు చేర్చి చల్లని నేలమాళిగలో ఉంచుదురు. తేలిన గింజలు పైన పొరగా నిలుచును. క్రింద రసము మెల్లగా పులిసి, పుల్లగను తియ్యగను క్వాసు అను పానీయమగును. లాత్వియా దేశమున సీసాలకెత్తి, నల్ల కర్రంటు రెమ్మలు, ఎండుద్రాక్ష, నిమ్మతొక్క వేసి, బిరడాలు బిగించి దాచుదురు. వేసవిలో గడ్డికోతకు పోవువారికి ఈ పుల్లని చల్లని పానీయమే దాహశాంతి.

నేటి గృహములందలి పద్ధతి మరింత సులువు. మూడు లీటర్ల గాజుజాడీలో వడగట్టిన రసము పోసి, గుప్పెడు ఎండుద్రాక్ష, చెంచా రెండు చెంచాల చక్కెర, కొంచెము నిమ్మతొక్క వేసి, గుడ్డ కట్టి రెండు మూడు దినములు గది వేడిమియందుంచి, నురగ కనబడగానే చల్లని చోటికి మార్చుదురు. ఎండుద్రాక్ష తొక్కకు అంటియున్న సహజమైన ఈస్టు రసము పులియుటకు మూలము. వాయువు పుట్టుచుండును గనుక పులియుచున్న జాడీకి మూత బిగించుట ప్రమాదకరము.

పాకము కాచుటకు వెడల్పాటి పాత్ర, ఓర్పు, తుదిదశలో సన్నని సెగ కావలయును. చిక్కనగుకొలది రసము నల్లబడి, కాల్చిన చక్కెర వగరుతో, స్వల్పమైన పులుపుతో విశిష్టరుచిని పొందును. దానిని రష్యనుల పలుచని అట్ల మీదను, ఓట్ల జావలోను వేసికొందురు. వెన్న, మీగడ చేర్చి ముదురుపాకము పట్టి మిఠాయిబిళ్లలు చేయుదురు. అలాస్కాలో ఇట్టి పాకము, దానితో చేసిన మిఠాయిలు చిన్నతరహా పరిశ్రమగా వర్ధిల్లినవి. అచట సాల్మన్ చేపకును ఆ పాకము పూయుదురు. ఇచట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ఫిన్లాండు దేశమున 1970 ప్రాంతమునుండి ప్రసిద్ధికెక్కి, భూర్జపు చక్కెర యని వ్యవహరింపబడు జైలిటాలు ఈ రసమునుండి తీసినది కాదు. భూర్జపు కలపయందలి పదార్థమునుండి కర్మాగారములలో తయారైనది.

సోవియట్ జాడీ

చౌక చక్కెర లభించుటతో పశ్చిమ దేశములలో ఈ అలవాటు క్షీణించినది. ఇంగ్వార్ స్వాన్‌బెర్గు, ఆయన సహచరులు 2012లో ప్రకటించిన సమీక్షలో, స్కాండినేవియా, పోలెండు, స్లొవేకియా, రొమేనియా దేశములలో ఇది గతచరిత్రగా మిగిలినదనియు, రష్యా, ఉక్రెయిను, బెలారుసు, మూడు బాల్టిక్ దేశములలో మాత్రము ఇటీవలి కాలమువరకు ముఖ్యమైన వ్యాసంగముగా నిలిచినదనియు నిరూపించిరి. విశాలమైన భూర్జారణ్యములు, విరళమైన జనసంఖ్య, సోవియట్ ఆర్థిక వ్యవస్థలో ఈ రసమునకు స్థానము దక్కుట అనునవి వారు చూపిన కారణములు. ఆనాటి అటవీసంస్థలు త్వరలో నరకబోవు వనములనుండి రసము సేకరించెడివి. దానికి చక్కెర, సిట్రిక్ ఆమ్లము చేర్చి, మూడు లీటర్ల గాజుజాడీలలో నింపి దుకాణములకు పంపెడివారు. మతుసోవ్‌స్కీ రచించి బాస్నర్ స్వరపరచిన ‘భూర్జరసము’ అను పాట 1971 నాటి చలనచిత్రమున వినవచ్చి, బెలారుసు గాయకబృందము పెస్‌న్యారీ కంఠమున దేశమంతట మ్రోగినది.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రము పేలి, దాని విషధూళి బెలారుసు అడవులమీద విస్తారముగా వ్రాలినది. నేలనుండి వేరు పీల్చునది రసమునందు చేరకతప్పదు; అందుచేత అచట నేటికిని రసమున సీసియము-137 అను రేడియోధార్మిక పదార్థపు మోతాదు పరీక్షింపబడుచున్నది. ఆ ప్రజలు మాత్రము రసమును విడువలేదు. ప్రతి వసంతమునను అటవీశాఖవారి విక్రయస్థానములకు జాడీలు చేతబూని వచ్చుచునే యున్నారు.

ఈ చరిత్రయందు మనము గ్రహింపవలసినది మితము. బరమా దిగిన చోట కాండమున మచ్చ పడును, శిలీంధ్రములకు దారి ఏర్పడును. చెట్టు ఆ గాయమును లోపల గోడ కట్టి వేరుచేసికొనును గాని మునుపటివలె మాన్పలేదు. కావుననే బుద్ధిమంతులు లేతచెట్టును ముట్టక, ఒక చెట్టున ఒక్క రంధ్రముతో తృప్తిపడి, మరుసటి యేడు దానికి విశ్రాంతి నిత్తురు. ఉత్తరదేశపు పేదరైతు నిలుపుకొన్న ఈ నియమమును, నేడు సీసాలలో ఆరోగ్యజలమని అమ్ముచున్న వ్యాపారులును నిలుపుకొనవలయును.

మనదేశపు భూర్జమునకు అట్టి నియమము దక్కలేదు. గంగోత్రికి ఎగువ, భూర్జము పేరనే వెలసిన భోజ్‌బాసా వద్ద ఒకప్పటి వనము యాత్రికుల పొయ్యిలకు ఆహుతియైనది. పర్వతారోహకురాలు హర్షవంతీ బిష్ట్ అచట నారుమడులు వేసి తిరిగి మొక్కలు నాటించుచు వచ్చిరి. సముద్రమట్టమునకు మూడువేల మీటర్లకు పైన మెల్లమెల్లగా ఎదుగు చెట్టది. దానినుండి రసము తీయుటయు తగదు, బెరడు చీల్చుటయు తగదు. గోముఖమునకు పోవు తెలుగు యాత్రికులు భూర్జపత్రమును స్మృతిచిహ్నముగా ఒలుచుకొని తేవలదనియు, ఆ కట్టెతో కాచిన తేనీటిని నిరాకరింపుడనియు నా ప్రార్థన.