పోచారం భవనంలో రెండు సగాలు

జంషెడ్‌పూర్ బిర్సానగర్ నుంచి టెల్కోకో, టాటా స్టీల్‌కో డ్యూటీకి వెళ్లే మన తెలుగువాళ్లలో ఎవరినైనా అడగండి, బ్లాస్ట్ ఫర్నేసు గోడ కాలిపోకుండా ఎలా నిలుస్తోందని. ‘నీళ్లు తిప్పుతారు’ అంటారు. లోపల దాదాపు 1,500 డిగ్రీల ద్రవ ఇనుము, గోడలో ఎడతెగకుండా పారే నీళ్లు. ఫ్యాను పెట్టి గాలి కొడదామని అక్కడ ఎవరికీ తోచదు. అదే ఊళ్లో ఆఫీసు గది చల్లబడాలంటే మాత్రం అందరం గాలినే నమ్ముకుంటాం. ఒక ఘనమీటరు నీరు ఒక్క డిగ్రీ వేడెక్కుతూ మోసుకుపోయే వేడి, అంతే పరిమాణం గాలి మోసేదానికి సుమారు 3,500 రెట్లు. ఈ సంగతి భౌతికశాస్త్రం పాఠంలో ఎప్పటి నుంచో ఉంది. ఆఫీసు కట్టడాల్లోకి రావడానికే చాలా కాలం పట్టింది. మన దేశంలో ఆ కథ గట్టిగా మలుపు తిరిగింది హైదరాబాద్ శివార్లలోని పోచారంలో.

ఆఫీసు చల్లదనం వెనకున్న కార్బన్ లెక్క తేలికే. గ్రిడ్డు కరెంటు ఒక్కో యూనిట్ వెనక సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం బొగ్గు కాల్చగా వచ్చేదని ఝార్ఖండ్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అద్దాల ఆఫీసుకు పొగ గొట్టం ఉండదు కాబట్టి శుభ్రంగా కనిపిస్తుంది. దాని పొగ ఎక్కడో థర్మల్ స్టేషన్‌లో లేస్తుంది. ఆ ఆఫీసు బిల్లులో పెద్ద వాటా ఏసీదే.

హరిత భవనాల విషయంలో హైదరాబాద్‌కు పోచారం కంటే ముందే పేరుంది. కొండాపూర్ దగ్గర సీఐఐ–సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు 2003లో లీడ్ ప్లాటినం గుర్తింపు వచ్చింది. అమెరికా బయట ఆ స్థాయి అందుకున్న తొలి భవనం అదే. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్. 2004 జూలైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. నడిమి ముంగిలి, గాలి బురుజులు, మొక్కలు పెంచిన పైకప్పు, చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని చూసి దేశమంతా హరిత భవనాల మోజు మొదలైంది. తర్వాత్తర్వాత ప్రతి టెక్ పార్కు గుమ్మంలోనూ ఒక ఫలకం వెలిసింది. అయితే ఫలకం చాలావరకు నమూనాను చూసి ఇచ్చేది. కట్టాక మీటరు ఎంత తిరిగిందన్నది వేరే ప్రశ్న, దాన్ని అడిగేవాళ్లు తక్కువ.

ఇన్ఫోసిస్‌లో ఆ ప్రశ్న అడిగారు. 2008 ప్రాంతం నుంచి ఆ సంస్థ తన కరెంటు వాడకం మీద దృష్టి పెట్టింది. హరిత కార్యక్రమాలకు రోహన్ పరీఖ్ నాయకత్వం వహించారు. పోచారం క్యాంపస్‌లో సుమారు రెండున్నర లక్షల చదరపు అడుగుల కొత్త సాఫ్ట్‌వేర్ బ్లాకు కడుతున్నప్పుడు స్లాబులో పైపులు పరిచి చల్లని నీళ్లు పారించే ఆలోచన వచ్చింది. మే నెల మధ్యాహ్నం రాతి గుడి మండపంలోకి అడుగుపెడితే గాలి వేడిగానే ఉన్నా ఒళ్లు చల్లబడుతుంది కదా, ఇక్కడా జరిగేది అదే. మన ఒంటి వేడిలో చాలా భాగం గాలి ప్రమేయం లేకుండానే చుట్టూ ఉన్న చల్లని రాయికో, కప్పుకో కిరణాలుగా చేరిపోతుంది.

మామూలు ఏసీలో ఒకే గాలి రెండు పనులు చేయాలి: వేడి తీయాలి, తేమా తీయాలి. తేమ తీయాలంటే నీటిని చల్లబరిచే యంత్రం, అంటే చిల్లర్, ఆ నీటిని ఏడు డిగ్రీల దాకా దించాలి. ఆ చల్లగాలిని పెద్ద పెద్ద డక్టుల్లో తోయడానికి ఫ్యాన్లు మళ్లీ కరెంటు తాగుతాయి. పోచారంలో ఈ పనులను విడదీశారు. ఊపిరికి కావలసిన బయటి గాలిని మాత్రం ఒక చిన్న యంత్రం తేమ తీసి లోపలికి పంపుతుంది. వేడి సంగతి స్లాబు చూసుకుంటుంది. స్లాబుకు 14 డిగ్రీల ప్రాంతపు నీళ్లు చాలు. అంత చల్లదనం అక్కర్లేనప్పుడు చిల్లర్‌కు శ్రమ తగ్గుతుంది. నీటిని తిప్పే పంపుకు పట్టే కరెంటు, ఫ్యాన్లకు పట్టేదానితో పోలిస్తే కొంచెమే.

స్లాబు తీయగలిగే వేడికి హద్దుంది. అందుకే ముందు ఎండను బయటే ఆపాలి. నాలుగు వైపులా అద్దం బిగించిన భవనంలో ఈ పద్ధతి చతికిలబడుతుంది. కిటికీలు కావలసినంతే, వాటికి నీడ, గోడలకు వేడి దూరని పొర. అసలు కార్బన్ పొదుపు ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. కానీ గోడను చూపించి ఫొటో దిగేవాళ్లు ఉండరు.

అన్నిటికంటే పెద్ద భయం వానాకాలం. చల్లని కప్పు మీద గాలిలోని తేమ నీరై కూర్చుంటుంది, అప్పుడు కంప్యూటర్ల మీద చుక్కలు పడతాయి. ఇంజనీర్లు ఎగతాళిగా అడిగే మొదటి ప్రశ్న ఇదే. జవాబు కూడా అప్పటికే ఉంది: లోపలి తేమను కొలుస్తూ, స్లాబు ఉష్ణోగ్రత మంచుబిందు స్థాయి కంటే దిగకుండా చూసుకుంటే చాలు. ఉక్కపోతకు పేరుపడ్డ బ్యాంకాక్‌లో 2006లో తెరిచిన సువర్ణభూమి విమానాశ్రయం నేలను ఇలాగే నీళ్లతో చల్లబరుస్తున్నారు.

అయినా నమ్మని వాళ్లను నమ్మించడం మాటలతో అయ్యేది కాదు. పోచారంలో వేసిన ఎత్తు ఇక్కడే నాకు గొప్పగా అనిపిస్తుంది. భవనాన్ని అచ్చంగా ఒకేలా ఉండే రెండు సగాలుగా కట్టారు. ఒక సగానికి డక్టుల ఏసీ, రెండో సగానికి స్లాబు పైపులు. డక్టుల సగాన్ని కావాలని నాసిగా కట్టి పందెం గెలిచారా అంటే అదీ లేదు. దాన్నీ అప్పటికి మన దేశంలో దొరికే మంచి పద్ధతుల్లోనే కట్టారు. ఒకే ఎండ, ఒకే వాన, రెండు పక్కలా అదే తరహా ఉద్యోగులు, అవే కంప్యూటర్లు. మీటర్లు మాత్రం విడివిడిగా పెట్టారు.

2011లో భవనం వాడకంలోకి వచ్చింది. మొదటి రెండేళ్లలో పైపుల సగం, చల్లదనం కోసం 34 శాతం తక్కువ కరెంటుతో నడిచింది. కట్టిన ఖర్చు దాదాపు సమానం, పైగా పైపుల సగానిది కాస్త తక్కువే. కూర్చునేవాళ్లను అడిగితే హాయి కూడా ఆ పక్కే ఎక్కువని తేలింది. ఇన్ఫోసిస్‌కు చెందిన గురుప్రకాశ్ శాస్త్రి, అమెరికన్ ఇంజనీరు పీటర్ రమ్సీ ఈ లెక్కలను 2014లో ఆష్రే జర్నల్‌లో అచ్చువేశారు. ఏసీ ఇంజనీర్ల లోకంలో ఆ పత్రికకున్న విలువ పెద్దది. స్లాబులో పైపులు పరచడం వాళ్లు కనిపెట్టిందేమీ కాదు. సరిసమానమైన జోడీని పక్కపక్కనే నడిపి వాదించడానికి ఏమీ మిగలకుండా చేయడమే వాళ్లు చేసిన కొత్త పని.

ఆ తర్వాత తన ఇతర క్యాంపస్‌లలోనూ ఈ పద్ధతిని వాడిన ఇన్ఫోసిస్, 2020లో కార్బన్ న్యూట్రల్ అయ్యానని ప్రకటించింది. ఆ లెక్కలో పల్లెల్లోని బయోగ్యాస్, పొగ తక్కువ వచ్చే పొయ్యిల ప్రాజెక్టులు కూడా చేరాయి. కాబట్టి ఆ మాటను పోచారం స్లాబుతో కలిపి చూడకూడదు. స్లాబు ఆదా చేసింది మీటరులో కనిపిస్తుంది.

మరి ఊరూరా ఆఫీసుల్లో ఈ పైపులు ఎందుకు లేవు? చిన్న కారణాలు కొన్ని: స్లాబులో డ్రిల్లు దించితే పైపు పోతుంది. కింద ఫాల్స్ సీలింగ్ కప్పితే చల్లదనం దిగదు, కప్పకపోతే హాలు మారుమోగుతుంది. పెద్ద కారణం మాత్రం డబ్బు ఎవరి జేబులోంచి పోతుందన్నది. మన ఐటీ కారిడార్లలో చాలా భవనాలు అద్దెవి. కట్టేది బిల్డరు, ఏసీ బిల్లు కట్టేది కిరాయిదారు. బిల్లు తగ్గితే బిల్డరుకు ఒరిగేదేమీ లేదు, అలవాటైన డక్టులే వేసి అప్పగిస్తాడు. ఆంధ్రప్రదేశ్ 2014లో వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నియమావళి తెచ్చింది, విభజన తర్వాత తెలంగాణ కూడా తనదంటూ ఒకటి రాసుకుంది. వాటి వల్ల గోడలకూ అద్దాలకూ చిల్లర్లకూ కనీస ప్రమాణం వచ్చింది. కనీసం దాటి పోయే పని మాత్రం భవనం సొంతమై, బిల్లూ తామే కట్టుకునేవాళ్లే చేస్తున్నారు. పోచారంలో ఆ రెండూ ఒకరివే.