స్మార్ట్‌ఫోన్‌లో తెలుగు రాత: కీబోర్డు, నిఘంటువు యాప్‌ల చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

స్మార్ట్‌ఫోన్‌లో తప్పనిసరిగా ఉండవలసిన యాప్‌లు ఏవని అడిగితే చెల్లింపులు, ప్రయాణాలు, వార్తలకు సంబంధించినవే ముందుగా వినిపిస్తాయి. తెలుగులో రాయవలసినవారికి వీటన్నిటికంటే ముందు కావలసింది కీబోర్డు. అయితే అదీ ఒక యాప్ అనే స్పృహ వాడుకరులలో తక్కువ. ఫోన్‌తో వచ్చినదాన్నే వాడుకుంటూ పోవడం అలవాటు. తెలుగు లిపి ఫోన్‌లోకి ప్రవేశించిన క్రమాన్ని గమనిస్తే, ఈ ఎంపిక రాత స్వరూపాన్నే ప్రభావితం చేస్తుందని బోధపడుతుంది.

2. డెబ్బై సంకేతాల ఇరుకు

1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు లభించింది. తెలుగు లిపికి కేటాయించిన స్థానాలు 128. అయినా మామూలు సెల్‌ఫోన్ల కాలంలో తెలుగు లిపి సందేశాలలో నిలదొక్కుకోలేకపోయింది. ఒక ఎస్సెమ్మెస్ పరిమాణం 140 బైట్లు. రోమన్ లిపిలో అయితే అందులో 160 అక్షరాలు పడతాయి. యూనికోడ్‌లో 70 సంకేతాలు మాత్రమే పడతాయి. ఆ డెబ్బై కూడా తెలుగువారు లెక్కించే అక్షరాలు కావు. ‘స్త్రీ’ చదువరికి ఒకే అక్షరం. యంత్రానికి సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈత్వం కలిసి ఆరు సంకేతాలు. సందేశానికింత అని రుసుము చెల్లించిన రోజులలో తెలుగు మాటలను రోమన్ లిపిలో రాయడం పొదుపు మార్గమైంది. దీనిని భాషాభిమాన లోపంగా మాత్రమే వ్యాఖ్యానించడం సమంజసం కాదు. రుసుము సమస్య తొలగిన తరువాత కూడా అలవాటు మిగిలిపోవడమే ఆలోచించవలసిన అంశం.

3. కీబోర్డు: రెండు మార్గాలు

కంప్యూటర్ మీద తెలుగు రాతకు రెండు మార్గాలు ఏర్పడ్డాయి. 1980లలో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ మొదటిది. ఇందులో అచ్చులు ఎడమ చేతివైపు, హల్లులు కుడి చేతివైపు ఉంటాయి. భారతీయ లిపులన్నిటికీ అమరిక దాదాపు ఒక్కటే. రెండవది రోమన్ అక్షరాలు కొట్టి తెలుగు పొందే లిప్యంతరీకరణ. 1990లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్, 2006లో వచ్చిన ‘లేఖిని’ ఈ మార్గానివే.

ఫోన్ ఈ వారసత్వాన్ని ఆలస్యంగా అందుకొంది. ఆండ్రాయిడ్ తొలి రూపాలలో తెలుగు ఖతి లేక అక్షరాలకు బదులు ఖాళీ గళ్ళు కనిపించేవి. 2016లో రూపొందిన భారతీయ ప్రమాణం, దేశంలో అమ్మే ఫోన్లు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల పాఠాన్ని చూపగలగాలనీ, ఇంగ్లీషు, హిందీలతోపాటు మరొక భారతీయ భాషలోనైనా రాసే వీలుండాలనీ నిర్దేశించింది. ఆ ఏడాదే గూగుల్ సంస్థ జీబోర్డు వచ్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోరేవారికి స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ బృందం రూపొందించిన ఇండిక్ కీబోర్డు ఉంది. తెలుగు యాప్‌ను మలయాళీలు అందించడం చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. ఆర్‌టీఎస్ వంటి పద్ధతి నియమబద్ధం: ‘ల’కు చిన్న బడి అక్షరం, ‘ళ’కు పెద్ద బడి అక్షరం. రాసేవారికి ఆ తేడా తెలిసితీరాలి. నేటి ఫోన్ లిప్యంతరీకరణ ఊహ మీద ఆధారపడుతుంది. ‘కల’, ‘కళ’ ఒకే రోమన్ రూపంతో కొట్టినా యంత్రం ఒకదానిని ముందు చూపుతుంది. తొందరలో ఉన్నవారు దానినే స్వీకరిస్తారు. మాండలిక రూపాల విషయంలో నష్టం మరింత ఎక్కువ. ‘వచ్చిండ్రు’, ‘ఎల్తన్నాడు’ వంటి రూపాలు పదజాబితాలో లేకపోతే, వాటికి దగ్గరగా ఉన్న పరిచిత రూపం ముందుకొస్తుంది. జానపద సాహిత్యాన్నో, మాండలికాలనో సేకరించే పరిశోధకులు సేకరణ పాఠం తమకు తెలియకుండానే ప్రామాణిక భాషలోకి జారిపోయే ప్రమాదాన్ని గుర్తించాలి. వారికి తెలుగు అక్షరాలు నేరుగా కనిపించే కీబోర్డు గాని, ఇన్‌స్క్రిప్ట్ గాని తగినది. స్వయంచాలక దిద్దుబాటును ఆపివేయడం అవసరం.

ప్రాచీన పాఠాలతో పనిచేసేవారికి మరొక పరీక్ష ఉంది. దంత్యాలైన ౘ, ౙలకు యూనికోడ్‌లో 2008లోనూ, తొలి తెలుగు శాసనాలలో కనిపించే ఴకు 2014లోనూ స్థానం దక్కింది. ప్రమాణంలో చేరిన అక్షరం కీబోర్డులో ఉంటుందన్న హామీ లేదు. కనుక అరసున్న, ఱ, ౘ, ఴ రాసి చూచిన తరువాతే కీబోర్డును ఎంచుకోవాలి.

4. ‘జ్ఞా’ ఉదంతం

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను స్తంభింపజేసింది. జకారం, పొల్లు, ఞకారం, కంటికి కనిపించని ఒక విడదీత సంకేతం, ఆత్వం ఈ వరుసలో చేరినప్పుడు, దానిని తెరపై చూపబోయిన యాప్ ఆగిపోయేది. ఆపిల్ సంస్థ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిచేసింది. ప్రపంచ పత్రికలు దీనిని ‘తెలుగు అక్షరం’ చేసిన చేటుగా ప్రచారం చేశాయి. తప్పు అక్షరానిది కాదు, సంయుక్తాక్షరాలను తగినంతగా పరీక్షించని వ్యవస్థది. కోట్లమంది రాసే లిపికి యంత్ర నిర్మాతల పరీక్షలలో దక్కిన స్థానమెంతో ఈ ఉదంతం చెబుతుంది.

5. నిఘంటువులు, గొంతు రాత

నిఘంటువు యాప్‌ల విషయంలో మూలం పేరు చెప్పడమే మొదటి అర్హత. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది. ఒకే మాటకు ఈ రెండూ ఇచ్చే అర్థాలలోని తేడాయే పరిశోధకునికి సమాచారం. మూలం చెప్పక అర్థం మాత్రమే చూపే యాప్ ఆ తేడాను చెరిపివేస్తుంది. అనేక నిఘంటువులను ఒకేసారి వెదికి, ఏ అర్థం ఎక్కడిదో వేరువేరుగా చూపే ‘ఆంధ్రభారతి’ యాప్ కాకపోయినా, ఫోన్ బ్రౌజరులో తెరుచుకొనే ఆ వెబ్‌సైటు చాలా యాప్‌లకంటే మేలు.

2017 ఆగస్టులో గూగుల్ గొంతు రాతలోకి తెలుగు చేరింది. కీబోర్డు అలవడని పెద్దలకు ఇది గొప్ప సౌకర్యం. క్షేత్రపర్యటనలో మాత్రం దీనిని చిత్తుప్రతికే పరిమితం చేయాలి. మాట్లాడినవారి ధ్వనిముద్రణను విడిగా భద్రపరచి, పాఠాన్ని దానితో పోల్చి చేత్తో దిద్దుకోవాలి.