ఊరు విడిచిన అంకెలు

టెలిఫోను సంఖ్యకును ఊరికిని గల సంబంధమెట్లు కలిగెనో, యెట్లు సడలెనో నేఁడు విన్నవింతును.

తొలుత ఆ సంఖ్య మనుష్యునిది కాదు, తీఁగది. ఎక్స్ఛేంజి యను కేంద్రమునుండి యింటింటికి నొక తీఁగ పోయెడిది. ఆ తీఁగకు గుఱుతే సంఖ్య. దూరపుటూరివారితో మాటాడవలెనన్న ట్రంకుకాలు కోరి, ఆపరేటరునకు ఊరిపేరు చెప్పి కాచుకొనియుండవలసెడిది.

1960వ సంవత్సరమున లక్నో కాన్పూరుల నడుమ, ఆపరేటరు లేకయే నేరుగాఁ బిలుచు ఎస్.టి.డి. పద్ధతి మన దేశమున మొదలయ్యెను. క్రమముగా ఊరిపేరునకు బదులు అంకెలు నిలిచెను. ఢిల్లీకి 011, హైదరాబాదునకు 040, విజయవాడకు 0866, గుంటూరునకు 0863. ఈ అంకెలు వినఁగనే పిలుపు ఏయూరిదో తెలిసెడిది.

1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసుగారు ఢిల్లీలోని సుఖరాంగారితో మాటాడుటతో మన దేశమున మొబైలుఫోను వచ్చెను. దీనికిఁ దీఁగ లేదు. ఫోను ఏ టవరు దాపున నున్నదో సంస్థ ఎప్పటికప్పుడు తన పట్టికలో నెక్కించుకొని, పిలుపును అచ్చటికే పంపును. అయినను సంఖ్య ఏ సర్కిలున నీయఁబడెనో తొలి అంకెలు తెలిపెడివి. 2011 జనవరి 20 నుండి దేశమంతటను, సర్కిలు లోపల సంస్థను మార్చినను సంఖ్యను నిలుపుకొను వీలు కలిగెను. 2015 జూలై 3 నుండి సర్కిలు మాఱినను అదే సంఖ్య నిలుచుచున్నది.

మన తెలుగువారి యింటిపేళ్లలోఁ బెక్కులు ఊరిపేళ్లే. పూర్వులెన్నఁడో విడిచిన యూరు నేఁటికిని మన పేరునకు ముందు నిలిచియున్నది. చిరునామాగాఁ బుట్టిన ఫోనుసంఖ్యయు నట్లే యింటిపేరుగా మాఱినదని నాకుఁ దోఁచుచున్నది. అది యెచ్చటఁ బుట్టినదో చెప్పఁగలదేమో కాని, మనుష్యుఁ డెచ్చట నున్నాఁడో చెప్పఁజాలదు.

ఇందు మేలు కలదు. పనికై ఊరూరు తిరుగువాని నతని తల్లి ఒకే సంఖ్యతోఁ బిలువఁగలుగుచున్నది. నా పూర్వశిష్యులు దేశమున నే మూల నున్నను నాకు దొరకుచున్నారు. కీడును గలదు. మీ యూరి బ్యాంకువాఁడనని పలుకువాఁడు ఎచ్చటి వంచకుఁడో సంఖ్యను జూచి తెలిసికొనలేము. కాఁబట్టి ధనము మాట వచ్చినపుడు ఫోను పెట్టివేసి, స్వయముగా బ్యాంకునకుఁ బోయి విచారింపుఁడు. ఆపదయందు సాయమునకై పిలిచినపుడు, మీరున్న చోటు మొదటఁ జెప్పుఁడు. పూర్వము సంఖ్య చెప్పిన యా మాటను ఇపుడు మన నోటితో మనమే చెప్పవలసియున్నది.