డిపో లేని ఊరు

2017 డిసెంబరు. రాత్రి తొమ్మిది దాటింది. డాలస్ నుంచి వచ్చిన ట్రినిటీ రైల్వే ఎక్స్‌ప్రెస్ సెంటర్‌పోర్ట్ స్టేషన్లో నలుగురిని దించి ఫోర్ట్‌వర్త్ వైపు సాగిపోయింది. దిగినవాళ్లలో ముగ్గురు పార్కింగ్‌లో పెట్టుకున్న సొంత కార్లవైపు నడిచారు. నాలుగోవాడు జేబులోంచి ఫోన్ తీశాడు. వ్యాన్ బుక్ చేసే యాప్ తెరుచుకుంది. ఈ వేళకు సర్వీసు లేదని చెప్పింది. ఉబర్ తెరిచేలోపే ఫోన్ ఆరిపోయింది.

ఇది నిజానికి ఒక్కడి కథ కాదు. ఆర్లింగ్టన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో ఎమ్మెస్ చేసిన మన పిల్లలు ఇలాంటి రాత్రులు ఎన్నో చూశారు. వాటిని కలిపి ఒక్క కుర్రాడి మీద పెట్టి చెబుతున్నాం. హన్మకొండవాడనుకోండి. తండ్రి ఆర్టీసీలో కండక్టరనుకోండి.

2016 ఆగస్టులో కుర్రాడు ఆర్లింగ్టన్‌లో దిగిన వారంలోనే తండ్రీకొడుకుల మధ్య వాట్సాప్‌లో పెద్ద చర్చ నడిచింది.

“సామాన్లు తెచ్చుకునుడు ఎట్ల మరి? బస్సు ఎన్ని నిమిషాలకొకటి?”

“బస్సు లేదు బాపు.”

“ఆ రోడ్డుకు లేదా?”

“ఊరికే లేదు.”

“ఊర్ల ఎంతమంది ఉంటరు?”

“నాలుగు లక్షలకు దగ్గర.”

అవతల కాసేపు చప్పుడు లేదు. “నాలుగు లక్షల మందికి ఒక్క డిపో లేదా? నువ్వు సరిగ్గ అడగలేదురా. ఎవరన్న పెద్దమనిషిని అడుగు.”

పెద్దమనుషుల్ని ఎప్పుడో అడిగారు. ప్రజా రవాణా కోసం పన్ను కడతారా అని ఆర్లింగ్టన్ ఓటర్లను 1980లో అడిగారు, 1985లో అడిగారు, 2002లో మళ్లీ అడిగారు. మూడుసార్లూ వద్దన్నారు. 2004లో ఇంకో ప్రశ్న వచ్చింది: డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టుకు స్టేడియం కట్టడానికి అమ్మకపు పన్ను అర సెంటు పెంచమంటారా? సరేనన్నారు. 2009లో స్టేడియం తెరుచుకుంది, ఎనభై వేలమంది పట్టే భవనం. ఎవరి పన్ను వాళ్లిష్టం, కాదనడానికి మనమెవరం! కాకపోతే ఓటూ లేని, కారూ లేని మనిషి ఒకడు అక్కడ ఉన్నాడు. వాడు విదేశీ విద్యార్థి.

పూర్తిగా బస్సే లేదంటే అబద్ధం. 2013లో మ్యాక్స్ అనే ఒక్క రూటు వేశారు, అటు సెంటర్‌పోర్ట్ రైలు స్టేషన్, ఇటు యూనివర్సిటీ. శని ఆదివారాలు తిరిగేది కాదు. చదువు మొదలై ఏడాది నిండి, సీపీటీ మీద, అంటే చదువుతూనే పనిచేసే అనుమతి మీద, డాలస్‌లో ఇంటర్న్‌షిప్ దొరికినప్పుడు మన కుర్రాడికి ఆ బస్సే దిక్కయింది. 2017 డిసెంబర్లో దాని బదులు వయా అనే కంపెనీ వ్యాన్లు దిగాయి. ఫోన్లో పిలిస్తే దగ్గర్లోని మలుపుకు వచ్చేవి, అప్పట్లో మనిషికి మూడు డాలర్లు. బస్సు కన్నా నయమే, ఒప్పుకోవాలి. కానీ రాత్రి తొమ్మిదికి పడుకునేవి. ఆదివారం లేచేవి కావు. ఆదివారం ఆ రైలూ ఉండేది కాదు.

మరి ఏడాదిపైగా కూరగాయలు, బియ్యం, పసుపు, కారం ఇంటికెలా వచ్చాయి? గుంటూరు అన్న కారులో. పక్క అపార్ట్‌మెంట్ సీనియర్, పాత కరోలా. వాడకట్టులో సగంమందికి అదే ఆర్టీసీ. రైడ్ కావాలని ముఖం మీద అడగడం మర్యాద కాదు కాబట్టి శుక్రవారం సాయంత్రం అందరి నోటా ఒకటే పలకరింపు: “అన్నా, రేపు ఏమన్న ప్లాన్ ఉందా?” అర్థం ఆయనకు తెలుసు. గ్యాస్ డబ్బులిస్తే తీసుకోడు. అక్కడే వచ్చింది చిక్కు. టికెట్టుకు ధర ఉంటుంది, కొన్నాక ఎవరికీ బాకీ ఉండం. ఈ ప్రయాణానికి ధర లేదు. అందుకే ఆ కారెక్కిన వాళ్లంతా ఆయన గిన్నెలు కడిగారు, ఆయన అసైన్‌మెంట్లకు ఫార్మాటింగ్ చేశారు, ఆయన సినిమా జోకులకు రెండోసారీ నవ్వారు. అమెరికాలో డబ్బు కష్టాల గురించి మన పేపర్లు చాలానే రాశాయి. ఈ మొహమాటం గురించి పెద్దగా కనపడదు.

మళ్లీ ఆ డిసెంబరు రాత్రికి వద్దాం. స్టేషన్లో చలిగాలి. నెత్తిమీద విమానాశ్రయానికి దిగుతున్న విమానాలు. మూడో కారు ఇంకా కదల్లేదు, అందులో పెద్దావిడ అద్దం మంచు తుడుచుకుంటోంది. మన కుర్రాడు దూరంగా నిలబడి, రెండు చేతులూ కనపడేలా పెట్టి, ఫోన్ ఒకసారి ఇవ్వగలరా అని అడిగాడు. ఆవిడ చూసి, ఇచ్చింది. తన ఉబర్ ఖాతా ఆ ఫోన్లో లేదు. కంఠతా వచ్చిన అమెరికా నంబరు ఒక్కటే.

“హలో, హూ ఈజ్ దిస్?”

“అన్నా, నేనే.”

“ఎక్కడున్నావురా?”

“సెంటర్‌పోర్ట్ల. ఫోన్ సచ్చింది. వ్యాన్లు బంద్.”

అవతల గట్టిగా నిట్టూర్పు. వెనక టీవీ చప్పుడు ఆగింది. “అక్కడే ఉండు. త్రీసిక్స్టీ హైవే మీద వస్తున్నా. ఇదిగో, ఈ వారమే డీపీఎస్‌లో లైసెన్సు పరీక్షకు స్లాట్ తీసుకుంటున్నావు. నా వల్ల కాదిక.”

లైసెన్సు కథ ఇంకో ముడి. టెక్సస్‌లో రాత పరీక్ష పాసయ్యాక డీపీఎస్ పెట్టే రోడ్డు పరీక్షకు కారు అభ్యర్థే తెచ్చుకోవాలి. ఇన్సూరెన్స్ కాగితం, రిజిస్ట్రేషన్ కూడా చూపించాలి. కారు లేనివాడికి లైసెన్సు కావాలన్నా ముందు ఎవరిదో కారు కావాలి. కొత్త సెమిస్టర్లో ఆ కరోలాతోనే వెళ్లారు ఇద్దరూ. ప్యారలల్ పార్కింగ్ అద్భుతంగా వచ్చింది. తిరిగొచ్చే దారిలో ఖాళీ కూడలిలో స్టాప్ సైన్ పడింది. కనుచూపు మేర ఎవరూ లేరు. మనవాడు వేగం తగ్గించి, అటూ ఇటూ చూసి, పోనిచ్చాడు. పరీక్షాధికారి కాగితం మీద ఏదో గీసుకుంది.

బయట గుంటూరు అన్న కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు.

“ఏమైంది?”

“పోయింది అన్నా. స్టాప్ కాడ పూర్తిగ ఆపలేదంట.”

“ఎవరన్నా వస్తున్నారా?”

“ఎవ్వరు లేరు.”

“మరి ఎందుకు ఆపుతావులే!” అని నవ్వి, తాళాలు తీసుకున్నాడు. “మళ్లీ స్లాట్ ఎప్పుడు?”

“బుధవారం దొరుకుతుంది.”

“బుధవారం నాకు క్లాసుంది. వేరే కారు చూసుకో.”