కాందిశీకులు కట్టిన రేవు పట్నం

ఆకాశం తేటగా ఉన్న రోజున బుసాన్ తీరంలో నిలబడితే జపాన్ దీవి సుషిమా కొండలు కంటికి ఆనుతాయి. మధ్యనున్న సముద్రం 50 కిలోమీటర్లు. దక్షిణ కొరియాలో సియోల్ తర్వాత అతి పెద్ద నగరమైన బుసాన్‌కు మేలైనా కీడైనా చాలాకాలం ఈ నీటి మీదుగానే వచ్చింది. వర్తకులు అటు నుంచే వచ్చారు, సైన్యాలూ అటు నుంచే వచ్చాయి. ప్రపంచంలోని పెద్ద కంటైనర్ రేవుల్లో ఒకటిగా ఇవాళ బుసాన్ పేరు అందరికీ తెలుసు. అయితే ఆ రేవును తీర్చిన చేతులు వేరు, ఆ ఊరిని నిలబెట్టిన చేతులు వేరు. పరాయి పాలకులు తమ అవసరం కోసం రేవు కట్టుకున్నారు. సర్వం పోగొట్టుకుని వచ్చిన కాందిశీకులు దాన్ని నగరం చేశారు.

పూర్వం అసలు పట్టణం డోంగ్నే. తీరానికి కాస్త లోపలగా, చుట్టూ కోటగోడతో ఉండేది. బుసాన్ దాని కింద ఒక చిన్న రేవు, ఒక సైనిక ఠాణా. 1592లో జపాన్ ఏలిక టొయొటోమి హిదెయోషి చైనాను జయించాలన్న పట్టుదలతో పంపిన సేన ముందుగా దిగింది ఇక్కడే. రేవు కోటను కాచిన చొంగ్ బాల్ పోరాడి ప్రాణం విడిచాడు. మర్నాడు సేన డోంగ్నే మీద పడింది. తమకు దారి ఇమ్మని అడిగినవాళ్లకు ఊరి అధికారి సోంగ్ సాంగ్ హ్యోన్ ‘చావడం తేలిక, దారి ఇవ్వడమే కష్టం’ అని రాసి పంపాడని కొరియాలో నేటికీ చెప్పుకుంటారు. తుపాకుల ముందు కోట నిలవలేదు. 2005లో మెట్రో స్టేషన్ కోసం తవ్వుతుంటే ఆ కోట కందకం బయటపడింది. అందులో కవచాలు, ఆయుధాలతోపాటు మనుషుల ఎముకలు దొరికాయి. ఆడవాళ్లవి, పసిపిల్లలవి కూడా ఉన్నాయి. ఆ సుఆన్ స్టేషన్ లోపలే ఇప్పుడు చిన్న మ్యూజియం నడుస్తోంది. రోజూ రైలెక్కే జనం ఆ కందకం పక్క నుంచే వెళ్తుంటారు.

అంత నెత్తురు పారాక కూడా ఇరవై ఏళ్లు తిరక్కుండానే వర్తకం మళ్లీ మొదలైంది. 1678లో ఇప్పటి యోంగ్దుసాన్ కొండ చుట్టూ జపాన్ వర్తకులకు ఒక వాడ కట్టించారు. సుషిమా నుంచి వచ్చిన కొన్ని వందల మంది మగవాళ్లే అందులో ఉండాలి. భార్యాపిల్లల్ని తెచ్చుకోకూడదు, చెప్పకుండా ప్రహరీ దాటకూడదు. వెండి వచ్చేది, జిన్సెంగ్ వేర్లూ చైనా పట్టూ వెళ్లేవి. దాదాపు 200 ఏళ్లు ఈ ఏర్పాటు సాగింది. పొరుగువాడితో ఎంతలో ఉండాలో కొరియా తానే నిర్ణయించుకున్న కాలమది.

1876లో ఆ అదుపు తప్పింది. యుద్ధనౌకలతో బెదిరించి జపాన్ రాయించుకున్న గంఘ్వా ఒప్పందం కింద మొదట తెరిచిన రేవు బుసాన్. పాత వాడే కొత్త కాలనీ అయింది. 1905లో సియోల్ నుంచి రైలుమార్గం వచ్చింది. అదే ఏడు జపాన్‌లోని షిమొనొసెకికి స్టీమరు మొదలైంది. 1910లో దేశమే జపాన్ వశమైంది. సముద్రాన్ని పూడ్చి రేవుకట్టలు, గిడ్డంగులు లేపారు. 1934లో యొంగ్డో దీవికి వంతెన వేశారు. ఓడ వస్తే వంతెనలో ఒక భాగం పైకి లేచేది. కొరియా పొలాల బియ్యం ఈ కట్టల మీదుగా జపాన్ వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో గనులకూ ఫ్యాక్టరీలకూ బలవంతంగా తరలించిన కూలీలూ ఈ రేవులోనే ఓడ ఎక్కారు. వాళ్ల జ్ఞాపకార్థం కట్టిన జాతీయ మ్యూజియం 2015 నుంచి బుసాన్‌లోనే ఉంది.

1945లో జపాన్ ఓడింది. వెళ్లిపోయే జపనీయులు, తిరిగొచ్చే కొరియన్లు ఒకే రేవులో ఎదురయ్యారు. వెళ్లేవాళ్లు వదిలిన సామాను ఖాళీ స్థలంలో పరిచి అమ్మిన చోటే తర్వాత గుక్జే మార్కెట్ అయింది.

రెండుగా చీలిన దేశంలో ఐదేళ్లకు అంతర్యుద్ధం. 1950 వేసవిలో ఉత్తర కొరియా సేనలు చూస్తుండగానే దాదాపు దేశమంతా ఆక్రమించాయి. దక్షిణాన నక్‌డోంగ్ నది ఇవతల మిగిలిన మూలలో ఉన్న రేవు బుసాన్. ఆగస్టులో ప్రభుత్వం ఇక్కడికి తరలివచ్చింది. మధ్యలో కొద్దికాలం సియోల్ చేజిక్కినా, 1951 జనవరి నుంచి 1953 ఆగస్టు దాకా మళ్లీ ఇదే రాజధాని. ప్రభుత్వం వెంట జనం వచ్చారు. మెరెడిత్ విక్టరీ అనే సరుకు ఓడ 1950 డిసెంబరులో ఉత్తరాన హంగ్నమ్ రేవు నుంచి 14 వేల మందిని ఎక్కించుకొచ్చింది. బుసాన్‌లో అప్పటికే కాలు పెట్టే చోటు లేక వాళ్లను పక్కనున్న గొజె దీవికి పంపేశారు. 1949లో ఐదు లక్షల లోపున్న జనాభా 1955 నాటికి పది లక్షలు దాటింది.

వీళ్లంతా ఎక్కడ తలదాచుకున్నారన్నదే ఈ నగర చరిత్రలో ముఖ్యమైన అధ్యాయం. చదును నేల అప్పటికే నిండిపోయింది. మిగిలింది కొండలు. చెక్కపలకలు, డబ్బారేకులు, అట్టపెట్టెలతో గుడిసెలు కొండవాలు మీదికి ఎగబాకాయి. అమి దొంగ్ కొండ మీద జపనీయుల శ్మశానం ఉండేది. చోటు దొరకనివాళ్లు ఆ సమాధుల మీదే ఇళ్లు కట్టుకున్నారు. పేర్లు చెక్కిన సమాధిరాళ్లు పునాదులయ్యాయి, మెట్లయ్యాయి. నేటికీ ఆ గోడల్లో ఆ అక్షరాలు కనిపిస్తాయి. దీన్ని అపచారం అనడానికి నాకు నోరు రాదు. చచ్చినవాళ్ల చోటు బతకాల్సినవాళ్లకు అక్కరకొచ్చింది, అంతే.

దారిలో విడిపోయినవాళ్లు బుసాన్‌లో కలుద్దామనుకుంటే వాళ్లకు తెలిసిన గుర్తు ఒక్కటే, యొంగ్డో వంతెన. రోజుల తరబడి అక్కడ కాచుకుని ఉండేవారు. ‘మావాళ్లు బతికున్నారా?’ అని అడిగేవాళ్ల కోసం వంతెన కింద జోస్యగాళ్లు వెలిశారు. జగల్చి ఒడ్డున ఆడవాళ్లు గంపల్లో చేపలు పెట్టుకుని కూర్చున్నారు. దేశంలోకెల్లా పేరున్న చేపల బజారు అలా పుట్టిందే. బోసు దొంగ్ సందులో అమెరికా సైనికులు పారేసిన పాత పత్రికలు అమ్మగా అమ్మగా అది పుస్తకాల వీధి అయింది. ఉత్తరాదివాళ్లకు బక్‌వీట్ పిండి చల్లని నూడుల్స్ ప్రాణం. ఆ పిండి దొరకక, సాయంగా వచ్చిన గోధుమపిండితో చేసుకున్నారు. మిల్‌మ్యన్ అనే ఆ వంటకం ఇవాళ బుసాన్ సొంతం.

అగ్గి వాళ్లను వదల్లేదు. 1953 జనవరిలో గుక్జే మార్కెట్ తగలబడింది. నవంబరు 27న పుట్టిన మంటలు రైల్వేస్టేషన్నీ చుట్టుపక్కల ఇళ్లనూ మింగేశాయి. నిలువ నీడ లేనివాళ్లకు అమెరికా జనరల్ రిచర్డ్ విట్‌కమ్ సైనిక గిడ్డంగుల నుంచి గుడారాలు, తిండి ఇప్పించాడు. ఆయన సమాధి ఇక్కడి ఐక్యరాజ్యసమితి శ్మశానంలోనే ఉంది. యుద్ధంలో పోయిన విదేశీ సైనికులు సుమారు 2,300 మంది అక్కడ ఉన్నారు. ఆ సంస్థ పేరిట ప్రపంచంలో ఉన్న శ్మశానం అదొక్కటే.

మన దేశానికీ ఈ రేవుతో బంధముంది. యుద్ధానికి సేనల్ని పంపని భారత్ వైద్యుల్ని పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ 1950 నవంబరులో బుసాన్‌లో ఓడ దిగింది. యుద్ధభూమిలో సైనికులకూ, ఊళ్లలో పౌరులకూ చికిత్స చేసింది. రంగరాజ్‌కు మహావీర చక్ర దక్కింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆ దళానికి ఒక పేరా అయినా ఉండాల్సింది.

యుద్ధం ముగిశాక చాలామంది తిరిగి వెళ్లలేదు. ఉత్తరాదివాళ్లకు వెళ్లే దారే లేదు. ఆ చేతులే ఫ్యాక్టరీలకు దొరికాయి. ఇవాళ్టి ఎల్‌జీ 1947లో ఇక్కడ ముఖానికి రాసుకునే క్రీము తయారీతో మొదలైంది. 1959లో దేశంలో తయారైన తొలి రేడియో ఆ కంపెనీదే. శాంసంగ్ 1953లో ఇక్కడ పంచదార ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత ప్లైవుడ్, ఆపైన బూట్లు. డెబ్బైలు, ఎనభైల్లో పెద్ద విదేశీ బ్రాండ్ల బూట్లు కుట్టింది ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలే. ఆ ఎగుమతుల గొప్ప చెప్పేటప్పుడు వాళ్ల పొడవాటి షిఫ్టులనూ చాలీచాలని జీతాలనూ మరిచిపోవడం అన్యాయం. 1979 అక్టోబరు 16న బుసాన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు పార్క్ చుంగ్ హీ నియంతృత్వంపై వీధికెక్కితే నగరం వాళ్ల వెంట నడిచింది. మార్షల్ లా పెట్టారు. పది రోజులకు పార్క్ తన గూఢచార సంస్థ అధిపతి చేతిలోనే హతమయ్యాడు.

కూలి పెరగగానే బూట్ల ఆర్డర్లు ఇండొనేషియా, చైనా, వియత్నాంలకు పోయాయి. అప్పటికి రేవు వేరే దారి పట్టింది. 1978లో జసొంగ్దేలో దేశపు మొదటి కంటైనర్ టెర్మినల్ తెరిచారు. 1995 జనవరిలో భూకంపం జపాన్ రేవు కోబెను కూల్చినప్పుడు అక్కడ ఓడ మారాల్సిన సరుకు బుసాన్‌కు మళ్లింది, చాలావరకు మళ్లీ వెనక్కి పోలేదు. చైనా, జపాన్ రేవుల నుంచి చిన్న ఓడల్లో వచ్చిన పెట్టెలు ఇక్కడ పెద్ద ఓడలెక్కి అమెరికా వెళ్తాయి. 2006లో పడమర వైపు గాదొక్ దీవి దగ్గర కొత్త రేవు మొదలైంది. 2016లో కొరియా ఓడల కంపెనీ హంజిన్ షిప్పింగ్ దివాలా తీసి దెబ్బ కొట్టినా రేవు తేరుకుంది. 2024లో 2 కోట్ల 40 లక్షలకు పైగా కంటైనర్ యూనిట్లు దీని మీదుగా కదిలాయి. అందులో సగానికి పైగా ఓడ మారి పోయేవే.

పెట్టెలు పెరుగుతుంటే మనుషులు తగ్గుతున్నారు. 1995 ప్రాంతంలో 38 లక్షలు దాటిన జనాభా ఇప్పుడు సుమారు 33 లక్షలు. చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకు సియోల్ పోతున్నారు. కొరియా మహానగరాల్లో 65 ఏళ్లు పైబడినవారు ఐదో వంతు దాటిన మొదటి నగరం ఇదే. కొండ మీది ఇళ్లు ఖాళీ అవుతున్నాయి. పాత రేవును పార్కులుగా, భవంతులుగా మార్చే పని 2008 నుంచి సాగుతోంది. 2030 ప్రపంచ ఎక్స్‌పో తెచ్చుకోవాలని ఎంతో ఆశపడితే, 2023 నవంబరులో అది రియాద్‌కు పోయింది. కొత్త భవంతులతో మనుషుల లోటు తీరుతుందని నేననుకోను. బుసాన్‌కు ఇప్పుడు కావలసింది పాతికేళ్లవాళ్లు ఆగిపోయేంత పని. ఏడు దశాబ్దాల కిందట దిక్కులేక వచ్చినవాళ్లకు ఈ ఊరు చోటిచ్చింది. తన గడ్డ మీద పుట్టిన పిల్లలకే అది ఇవ్వలేకపోతే, ఏటా పెరిగే ఆ కంటైనర్ల లెక్క వల్ల బుసాన్‌కు ఒరిగేది తక్కువే.