పని పదిమందిదైనా పూచీ ఒక్కరిదే!

ఒకప్పుడు పునాది నుంచి సున్నం వరకు ఒకే మేస్త్రీ చూసుకునేవాడు. నేటి బహుళ అంతస్తుల భవనాల్లో సెంట్రింగ్, ఇనుము కట్టడం, కాంక్రీటు, విద్యుత్తు, ప్లంబింగ్, టైల్స్... ఇలా ఒక్కో పని ఒక్కో ఉప గుత్తేదారుది. నిత్యం అదే పని చేసేవారికి నైపుణ్యం, తగిన పనిముట్లు ఉంటాయి కనుక నాణ్యత పెరగాలి. అయినా కొత్త భవనాల్లోనూ శ్లాబులు కారడం, గోడలు చెమ్మగిల్లడం చూస్తూనే ఉన్నాం. ఒకరి పని ముగిసి మరొకరిది మొదలయ్యే చోటే తరచూ లోపం పుడుతోంది.

అతుకుల వద్దే చిక్కు

శ్లాబునే తీసుకుందాం. ఇనుము కట్టేవారు అమర్చిన చువ్వలను విద్యుత్తు పనివారు గొట్టాల కోసం జరుపుతారు. కాంక్రీటు పోసేవారు వాటిపైనే నడుస్తారు. చువ్వల కింద కాంక్రీటు మందం తగ్గితే కొన్నేళ్లకు తుప్పు పట్టి పెచ్చులూడతాయి. కాంక్రీటు ముఠా ఆ సాయంత్రమే వెళ్లిపోతుంది. మర్నాటి నుంచి నీటితో తడపాల్సింది ఎవరో ఒప్పందంలో ఉండదు. సెంట్రింగ్ గుత్తేదారుకేమో సామగ్రిని మరో చోటికి తరలించాలన్న తొందర.

ఐఎస్ 456-2000 ప్రమాణం ప్రకారం సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటు వాడితే కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటు అయితే 10 రోజులు కాంక్రీటును తడిగా ఉంచాలి. సాధారణ సిమెంటుతో వేసిన శ్లాబు 4.5 మీటర్లు దాటితే ఆనుగర్రలను 14 రోజుల వరకు తీయరాదు.

ఒప్పందంలో ఉండాల్సినవి

* ఇనుము, గొట్టాలను ఇంజినీరు పరిశీలించి సంతకం చేశాకే కాంక్రీటు పోయాలి.
* తడిపే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాయాలి.
* స్నానాల గదిలో నీరు నిలిపి, కారడం లేదని తేలాకే టైల్స్ వేయాలి.
* చదరపు అడుగుల లెక్కన మాత్రమే కాక, తనిఖీ ముగిశాకే సొమ్ము చెల్లించాలి. కొంత మొత్తాన్ని లోపాల గడువు తీరేదాకా నిలిపి ఉంచాలి.
* ముందుగా ఒక నమూనా గది పూర్తిచేయించి, మిగతా పనికి దానినే కొలమానంగా తీసుకోవాలి.

చట్టం ఏమంటోంది?

స్థిరాస్తి నియంత్రణ చట్టం-2016 పరిధిలోని భవనాల్లో, స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్లలోపు నిర్మాణ, పనితనపు లోపాలు తెలియజేస్తే 30 రోజుల్లో ప్రమోటరే ఉచితంగా సరిదిద్దాలి. తప్పు ఉప గుత్తేదారుదని చెప్పి తప్పించుకునే వీల్లేదు. సొంతిల్లు కట్టుకునేవారికి మాత్రం ఒప్పంద పత్రమే ప్రధాన రక్ష. పని అప్పగించే ముందే దానిని రాయించుకోవడం మేలు.