చమురు కన్నా ముందు వచ్చిన చదువు

ఖతార్ అనగానే మనకి చమురు, గ్యాస్, అద్దాల మేడలే గుర్తొస్తాయి. కానీ ఇక్కణ్ణుంచి మొదటి చమురు ఓడ బయల్దేరింది 1949 చివర్లో. చదువు అంతకన్నా ముందే మొదలైంది.

ముత్యాల వేట మీద బతికిన ఆ రోజుల్లో, పాలకుడు షేక్ అబ్దుల్లా పిలుపు మీద నజ్ద్‌లోని ఉనైజాకి చెందిన షేక్ ముహమ్మద్ అల్ మానె దోహా వచ్చారు. ఆయనా మనలాగే బయటినుంచి వచ్చినవారే. అల్ అథరియా పాఠశాల పెట్టి 1938 దాకా ధర్మశాస్త్రం, అరబ్బీ నేర్పారు. ఖురాన్ నేర్చుకున్న అమ్నా మహమూద్ అల్ జైదా ఆడపిల్లల్ని ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించారు. ఆ ఇంటి బడే 1950లలో దేశంలో మొదటి ప్రభుత్వ బాలికల పాఠశాల అయింది.

వీళ్లని నడిపించింది విశ్వాసం. నలుగురికి నేర్పిన విద్య తాలూకు పుణ్యం మనిషి పోయాక కూడా ఆగదని ముస్లింల నమ్మకం.

మనలో అన్ని మతాలవాళ్లం ఉన్నాం. కాంట్రాక్టులో ఏముందో చదవలేక వేలిముద్ర వేసే అన్నలూ మన గదుల్లోనే ఉన్నారు. శుక్రవారం ఒక గంట, చదువొచ్చిన తమ్ముడు వాళ్ల పక్కన కూర్చుంటే చాలు. దానికి బిల్డింగ్ అక్కర్లేదు. అమ్నాగారికి మాత్రం ఇల్లు తప్ప ఏముంది?